అప్పు వద్దు... కట్ట విప్పు!

52లోంచి 27 తీసేస్తే ఎంత? ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరవకండి. జవాబు 25. కానీ మా అమ్మ బడిలో మూడో తరగతి పిల్లలు చాలామంది 35 అని రాస్తారు. మొన్నమొన్నటిదాకా ఆ 35 మీద ఎర్ర పెన్నుతో ఒక ఇంటూ మార్కు పడేది, అంతే. ఇప్పుడు దాని గురించి మా ఇంట్లో ఆదివారాలు గంటలకొద్దీ మాటలు నడుస్తున్నాయి.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. అమ్మ సిద్దిపేట జిల్లాలో ఒక చిన్న ఊళ్లో ఎస్‌జీటీ. ఇరవై ఏళ్లకు పైగా సర్వీసు. బడిలో ఇద్దరే టీచర్లు, తరగతులు మాత్రం ఐదు. ఒకటి, రెండు ఒక గదిలో. మిగతా మూడూ అమ్మ గదిలో. మూడో తరగతికి తీసివేతలు చెబుతుంటే వెనక ఐదో తరగతి వాళ్లు భిన్నాలు చేసుకుంటుంటారు.

2021 జులైలో కేంద్రం ‘నిపుణ్ భారత్’ ప్రారంభించింది. 2026-27 నాటికి దేశంలో ప్రతి పిల్లా పిల్లాడూ మూడో తరగతి దాటేలోపు అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం, మామూలు లెక్కలు చేయడం రావాలన్నది లక్ష్యం. లెక్కల్లో ఏ తరగతికి ఏం రావాలో కూడా స్పష్టంగా రాశారు. ఒకటో తరగతి అయిపోయేసరికి 99 వరకు, రెండుకి 999 వరకు, మూడుకి 9999 వరకు సంఖ్యలు చదవగలగాలి, రాయగలగాలి. తెలంగాణలో 2022 ఆగస్టులో ఇదే దారిలో ‘తొలిమెట్టు’ మొదలైంది. అదే విద్యా సంవత్సరంలో సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం కూడా వచ్చింది. ఒక్క ఏడాదిలో టీచర్ల మీద ఎంత బరువు పడిందో ఊహించుకోండి.

నిజానికి సంఖ్యలు పెద్ద సమస్య కాదు. అడిగే ప్రశ్న మారింది. ఇదివరకు ‘సిలబస్ అయిందా?’ అని అడిగేవారు. ఇప్పుడు ‘ఏ పిల్లాడికి ఏం వచ్చింది, ఏం రాలేదు?’ అని అడుగుతున్నారు. వినడానికి బాగుంటుంది. మూడు తరగతులు ఒకే గదిలో ఉన్న టీచరమ్మకి మాత్రం గుండె దడ.

శిక్షణ నుంచి వచ్చిన రోజు అమ్మ నోట్సు నిండా రాసుకొచ్చింది. రాత్రి ఫోన్ చేసి ఒకే మాట అడిగింది.

“ఇన్నేండ్లు నేను చెప్పింది తప్పా బిడ్డా?”

నాకు ఎక్కాలు నేర్పింది అమ్మే. ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు ఊళ్లో కానిస్టేబుళ్లయ్యారు, నర్సులయ్యారు. అలాంటి మనిషి నోటి నుంచి ఈ మాట వింటే ఎలా ఉంటుంది?

“ఏమైనా యాప్ చేసివ్వనా?” అన్నాను. అమ్మ నవ్వింది. “ఉన్న యాప్‌లల్ల ఎక్కించుడుకే టైం సాల్తలేదు. నీకు దండం పెడ్త, ఇంకోటి వద్దు” అంది. “మరేం చేయను?” అంటే, “వచ్చి ఈ నోట్‌బుక్కులు నా పక్కన కూసొని సూడు” అంది.

అలా మొదలైంది మా ఆదివారం పని. తప్పు జవాబులన్నీ ముందేసుకుని, ఏ తప్పు ఎలా వచ్చిందో చూసి కుప్పలుగా విడదీశాం. 35 రాసినవాళ్లు ఒక కుప్ప. 40లోంచి 17 తీసేస్తే 30 రాసినవాళ్లు ఇంకో కుప్ప. సున్నాలోంచి ఏమీ పోదు కాబట్టి అక్కడ సున్నాయే వేశారు. 28కి 15 కలిపి 313 రాసినవాళ్లది మూడో కుప్ప. ఎనిమిదీ ఐదూ పదమూడు, రెండూ ఒకటీ మూడు... రెండూ పక్కపక్కన పెట్టేశారు!

నా ఉద్యోగంలో దీన్ని బగ్ అంటాం. ప్రోగ్రామ్ ఊరికే తప్పు జవాబివ్వదు. లోపల ఏదో ఒక రూల్‌ని పక్కాగా పాటించి మరీ తప్పు చేస్తుంది. పిల్లల తీసివేతల్లోనూ అంతేనని అమెరికా పరిశోధకులు జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ 1978లోనే రాశారు. వాళ్లు ‘బగ్గీ’ అని ఒక ప్రోగ్రామ్ చేశారు. అందులో కంప్యూటర్ పిల్లాడిలా తప్పు లెక్కలు చేస్తుంది. టీచర్ కాబోయేవాళ్లు ఆ తప్పు వెనకున్న రూల్ ఏంటో కనిపెట్టాలి. ఈ సంగతి చెబితే అమ్మ కళ్లు పెద్దవయ్యాయి. “అంటే పోరగాండ్లకు ఏం రాదని కాదన్నట్టు” అంది.

సోమవారం బడిలో 35 రాసిన పిల్లాణ్ని పిలిచి, “ఎట్ల చేసినవ్ రా?” అని అడిగిందట. వాడు ఠక్కున చెప్పాడు. “పెద్దదాంట్లకెంచి చిన్నది తీసెయ్యాలని మీరే చెప్పిన్రు గదా టీచర్!”

ఒకటో తరగతిలో నిజంగానే చెప్పింది. 7లోంచి 2 తీసేసేటప్పుడు ఆ మాట సరిగ్గానే పనిచేసింది. రెండంకెలు వచ్చాక అదే మాట వాణ్ని ముంచింది. ఒకట్ల స్థానంలో 2, 7 కనబడ్డాయి. పెద్దది ఏడు కాబట్టి అందులోంచి రెండు తీసేశాడు. టీచర్ మాట మీద అంత నమ్మకం! ఆ సాయంత్రం ఇది చెబుతూ అమ్మ కాసేపు మాట్లాడలేదు.

తర్వాత ఏం చేయాలో నేను చెప్పలేదు, నాకు తెలియదు కూడా. అమ్మే చేసింది. చీపురుపుల్లలు తెచ్చి పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేయించింది. 52 అంటే ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు పుల్లలు ఇమ్మంటే విడిగా రెండే ఉన్నాయి. మరెలా? ఒక కట్ట విప్పాలి. ఇప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు. పన్నెండులోంచి ఏడు పోతే ఐదు, నాలుగు కట్టల్లోంచి రెండు పోతే రెండు. ఇరవై ఐదు!

ఇక్కడే అమ్మ ఇంకో మార్పు చేసింది. తీసివేతల్లో మనమంతా ‘పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవాలి’ అనే నేర్చుకున్నాం. “అప్పు తెస్తే మళ్ల కట్టాలె గదా టీచర్, ఎప్పుడు కడ్తం?” అని ఒక పాప అడిగిందట. న్యాయమైన ప్రశ్నే! అప్పటి నుంచి అమ్మ తరగతిలో అప్పు బంద్. ‘కట్ట విప్పు’ అంటోంది. పుల్లలు లేనప్పుడు ‘పది నోటుకు చిల్లర తే’ అంటోంది. రోజూ కిరాణా కొట్టుకు వెళ్లే పిల్లలకి అది ఎవరూ నేర్పక్కర్లేదు.

2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం లెక్కలకు చెప్పే వరుస కూడా ఇదే. ముందు వస్తువులతో అనుభవం, తర్వాత నోటి మాట, తర్వాత బొమ్మ, చివరికి అంకెలు, గుర్తులు. కాగితం మీద నాలుగు పదాలుగా చదివినప్పుడు అమ్మకి భయమేసింది. చీపురుపుల్లలు, చిల్లర అనేసరికి ఆమె సామ్రాజ్యం ఆమెకి దొరికింది. కొత్త పద్ధతి ఆమె అనుభవాన్ని కొట్టిపారేయలేదు, దానికి పని పెట్టింది. ఈ మాట ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెప్పాలి.

అందరూ 25 రాస్తున్నారా అంటే, లేదు. 40లోంచి 17 దగ్గర కొందరు ఇంకా ఆగిపోతున్నారు. విడి పుల్లే లేనిచోట కట్ట విప్పొచ్చని తోచడానికి టైం పడుతుంది. ఐదో తరగతి వాళ్లకి ఇచ్చే టైం తగ్గిందన్న దిగులు కూడా అమ్మకి ఉంది. దానికి నా దగ్గర జవాబు లేదు. బడికి ఇంకో టీచర్ రావాలి.

మీ ఇంట్లో, మీ చుట్టాల్లో ప్రైమరీ టీచర్ ఉంటే ఒక్క ఆదివారం ఇవ్వండి. డేటా ఎక్కించే పనిలో చేయగలిగింది మీరు చేయండి. ఆ గంట వాళ్లకి మిగులుతుంది. నోట్‌బుక్కులు ముందేసుకుని తప్పులు కుప్పలు పెట్టండి. ‘కొత్త పద్ధతి ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అనే అంటారు. ‘ఈ పిల్లాడు ఇలా ఎందుకు రాశాడు?’ అని అడిగి చూడండి, అసలు కబుర్లు అప్పుడు మొదలవుతాయి.

అమ్మ బడిలో వచ్చే నెల నుంచి మూడంకెల తీసివేతలు. పది కట్టలు కలిపి వంద కట్ట చేయాలట. దానికి చిన్న రబ్బరు బ్యాండ్లు తెగిపోతున్నాయి, హైదరాబాద్ నుంచి పెద్దవి తెమ్మని మెసేజ్ వచ్చింది. కింద ఇంకో లైను: “బిల్లు కూడ తే, పిల్లలతోని కూడికలు చేపిస్త.”