బీడీ మానాక

38 ఏళ్ల రైతు. రాత్రిళ్లు మంచం మీంచి కాలు కిందికి వేలాడేసుకుంటే తప్ప నొప్పి ఓర్చుకోలేకపోతున్నాడు. బొటనవేలి కొస నల్లబడింది, పాదం మీద నాడి చేతికి అందలేదు. షుగరు లేదు, బీపీ లేదు. చొక్కా జేబులో బీడీకట్ట ఉంది. పరీక్షలన్నీ అయ్యాక తేలింది బర్జర్స్ జబ్బని. పొగాకు వాడేవాళ్లకు కాళ్లూచేతుల్లోని సన్నటి రక్తనాళాలు వాచి, లోపల రక్తం గడ్డకట్టి మూసుకుపోతాయి.

"స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు వేయిస్తే కాలు నిలుస్తుందంటగా సార్? ఎకరం అమ్మేస్తాం" అంది భార్య.

ఆ ఆశ గాలిలోంచి పుట్టింది కాదు. రక్తనాళం లోపల ఒకే ఒక్క వరస కణాల పొర ఉంటుంది. అది దెబ్బతింటే ఇరుగుపొరుగు కణాలే పెరిగి పూడుస్తాయని అనుకునేవాళ్లం. 1997లో అమెరికాలో అసహారా, ఇస్నర్ బృందం మనిషి రక్తంలోంచి కొన్ని కణాలను వేరుచేసి, వాటికి ఆ పొర కణాల లక్షణాలు వస్తాయని చూపింది. మూలుగలోంచి బయల్దేరి గాయం దగ్గరికి చేరే మరమ్మతు కణాలు! వైద్యలోకం ఉప్పొంగిపోయింది. తర్వాత తెలిసిందేమంటే, వాటిలో చాలావరకు తెల్లరక్తకణాల జాతివి. అవి పొరలో ఇమిడిపోవడం తక్కువ, కొత్త నాళాలు పెరగమని రసాయనాలతో కబురు పంపడం ఎక్కువ. 2015లో వెలువడిన నెదర్లాండ్స్ పరిశోధనలో 160 మంది రోగుల్లో కొందరికి సొంత మూలుగ కణాలనే కాలి ధమనిలోకి ఎక్కించారు. ఉత్తుత్తి మందు ఎక్కించినవాళ్లకంటే వాళ్లకు కాళ్లేమీ ఎక్కువ దక్కలేదు.

అందుకే పొలం అమ్మొద్దని గట్టిగా చెప్పాను.

అతనికి ఇంకో సంగతీ చెప్పాను. 2004లో జపాన్ వైద్యులు పొగతాగేవాళ్లచేత నాలుగు వారాలు మాన్పించి చూస్తే, రక్తంలో ఈ మరమ్మతు కణాల సంఖ్య పెరిగింది. మళ్లీ మొదలెట్టగానే మునుపటికి దిగిపోయింది. నాకు ఇంతకంటే బలమైన మందుచీటీ కనబడదు. అతను చాలాసేపు మాట్లాడలేదు. "ఒక్కటి కూడా తాగకూడదా సార్?" అన్నాడు. "ఒక్కటి కూడా వద్దు బాబూ. ఖైనీ, గుట్కా కూడా" అన్నాను.

బొటనవేలి కొస తీసేయక తప్పలేదు. మిగతా పాదం దక్కింది. పుండు అంచున ఎర్రటి కొత్త కండ పుట్టడానికి వారాలు పట్టింది. ఇప్పటికీ చూపించుకోవడానికి వస్తాడు. పాదం చూసేముందు జేబు చూస్తాను; అతనే ముందుగా తిరగేసి చూపిస్తాడు.