మ్యూరెన్‌లో మంచు పదును

మార్చి 7, రాత్రి

లౌటర్‌బ్రున్నెన్‌లో దిగి, కేబుల్ కారులో కొండచరియ ఎక్కి, అక్కణ్ణించి ఇంకో బుల్లి రైలు. మ్యూరెన్ చేరేసరికి చీకటి పడింది. 1,638 మీటర్ల ఎత్తున, ఆల్ప్స్‌లో అగాధం అంచున కూర్చున్న ఊరు. కార్లు రావు. చెక్క ఇళ్లు, చూరు కింద పేర్చిన కట్టెలు, సామాన్లు లాక్కెళ్లే స్లెడ్జీలు. ఎదురుగా ఐగర్ నుంచి యుంగ్‌ఫ్రౌ దాకా శిఖరాలు ఉండాలి, మబ్బు తప్ప ఏమీ లేదు. మా అమ్మాయి ఆకాశంకేసి చూసి, "రేపటికి పడుతుంది నాన్నా" అంది. మా నాన్న ఆషాఢంలో అలాగే చూసేవాడు.

మార్చి 8

పడింది, రాత్రంతా. తెల్లారకముందే కొండమీద ఢాం ఢామనే మోతలకు మెలకువ వచ్చింది. "మంచుచరియలు వాటంతటవి విరిగి పడకముందే పేల్చి పడగొడతారు మామయ్యా" అన్నాడు అల్లుడు. ప్రమాదానికి 5 మెట్లు, ఇవాళ 3. సగమేగా అనుకున్నాను. కానీ ప్రాణాలు ఎక్కువగా పోయేది ఆ మూడో మెట్టులోనేనట! 4, 5 అంటే ఎవరైనా ఇంట్లో కూర్చుంటారు. 3 అన్నప్పుడే, కొత్త మంచు కళ్లెదుట మెరుస్తుంటే, కట్టిన దారి వదిలి పక్కకు దిగాలనిపిస్తుంది.

మార్చి 9

యాభై ఎనిమిదేళ్ల వయసులో పిల్లల వాలు మీద నేను. స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెడితే వేగం తగ్గుతుంది. ఆ ఆకారాన్ని ఇక్కడి పిల్లలకు పిజ్జా ముక్క అని నేర్పుతారు. రెండూ సమాంతరంగా పెడితే బంగాళదుంప వేపుడు ముక్కలు. "తాతా, పిజ్జా! పిజ్జా!" అని మనవరాలు అరుస్తూనే ఉంది. నేను కంచెదాకా వేపుడు ముక్కలుగానే వెళ్లాను.

మార్చి 10

ఫ్యోన్ గాలి వీచింది. దక్షిణం నుంచి ఆల్ప్స్ దాటి దిగే గాలి, దిగుతూ దిగుతూ వేడెక్కుతుంది. ఇంటావిడకు తలనొప్పి. చూరుల మీంచి మంచు దబ్బున జారుతోంది. నిన్నటి పొడి ఇవాళ నీళ్లెక్కువైన సంకటి. దీన్ని సుల్త్స్ అంటారు. స్టేషన్ బోర్డు మీద మాత్రం ఊళ్లో ఇంత, షిల్ట్‌హోర్న్ శిఖరం మీద ఇంత అని లోతు సెంటీమీటర్లలో. ఎంత ఉందో చెప్తుంది, ఎలా ఉందో చెప్పదు. మనకేమో పొగమంచుకైనా దీనికైనా మంచు అన్న మాటే.

మార్చి 11

రాత్రి ఆకాశం విచ్చుకుని గడ్డకట్టింది. ఉదయం స్కీల కింద రేకు మీద గరిటె గీసినట్టు చప్పుడు. స్కీ నేర్పే మా ముసలి గురువు కాఫీ తాగుతూ కూర్చున్నాడు, కదలడు. పదిన్నరకు లేచి, చేతికర్ర కొసతో మంచు పొడిచి చూసి, పదండన్నాడు. పైన ఒక్క అంగుళం మెత్తబడింది, కింద గట్టిగానే ఉంది. ఫిర్న్ అన్నాడు. నాకు తెలిసిన మాట పదును. వాన వెలిశాక మా నాన్న మట్టి పిడికిట్లో నొక్కి చూసింది దానికోసమే. గంటసేపు నేను కూడా పడలేదు. తర్వాత మళ్లీ సంకటి. ఈ వాలు తూర్పు ముఖం, ఎండ పెందలాడే వచ్చి పెందలాడే పోతుంది.

మార్చి 12

కాళ్లు లేవడంలేదు. చరిత్రతో సరిపెట్టుకున్నాను. జెండాల మధ్య మెలికలు తిరిగే స్లాలమ్ పందేనికి ఆర్నాల్డ్ లన్ అనే ఇంగ్లీషాయన 1922లో ఇక్కడే రూపం ఇచ్చాడు. 1931లో మొదటి ప్రపంచ ఆల్పైన్ పోటీలూ ఇక్కడే. మహిళల రెండు పందేలూ గెలిచిన ఎస్మీ మెకిన్నన్‌కు అప్పుడు పదిహేడేళ్లు! షిల్ట్‌హోర్న్ నుంచి కిందికి దిగే ఇన్ఫెర్నో పందెం 1928లో మొదలైంది, 17 మందితో. తీగబండి లేదు, శిఖరం దాకా నడిచి ఎక్కి, అప్పుడు దిగారు. ఇప్పుడు జనం ఆ శిఖరానికి జేమ్స్ బాండ్ సినిమా తీసిన రెస్టారెంట్ చూడ్డానికి వెళ్తారు. చూడనివ్వండి.

మార్చి 13

రాత్రి మళ్లీ గడ్డకట్టింది. కిటికీలోంచి యుంగ్‌ఫ్రౌ మొత్తం కనిపిస్తోంది. గురువు కాఫీ దగ్గరే ఉన్నాడు, చెయ్యి ఊపాడు. పదును పదిన్నరకు. మా రైలు పదింబావుకు.