డబ్బులు పడాలంటే ఫైలు ఎక్కించుకోవాలా?



ఈసారి తామర పురుగు గురించి కాదు, ఫోన్‌లోకి దూరే పురుగు గురించి రాస్తున్నా. కాస్త పొడుగ్గా ఉంటది, ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

పీఎం కిసాన్ విడత దగ్గరకొచ్చిందంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫైలు తిరగటం మొదలవుద్ది. పేరు ‘పీఎం కిసాన్ యోజన’ అనో, ‘లబ్ధిదారుల జాబితా’ అనో ఉంటది. పేరు చివర ‘ఏపీకే’ అనే మూడు అక్షరాలుంటాయి. ‘మీ ఈకేవైసీ పెండింగ్‌లో ఉంది, ఇది ఇన్‌స్టాల్ చేసుకోకపోతే డబ్బులు రావు’ అని కింద ఒక బెదిరింపు. ట్రాఫిక్ చలానా, బ్యాంకు రివార్డు పాయింట్లు, పెళ్లి శుభలేఖ అని కూడా ఇదే వస్తది. వేషం మారుద్ది గానీ లోపల సరుకు ఒకటే.

మనోళ్లు పడిపోయేది చదువు లేక కాదండీ. 2025 ఆగస్టు 2న అర్హులైన రైతుల ఖాతాల్లో అన్నదాత సుఖీభవ 5 వేలు, పీఎం కిసాన్ 2 వేలు, కలిపి 7 వేలు వేశారు. డబ్బులు పడటం నిజం. ఈకేవైసీ ఉండాలన్నదీ నిజం. అది లేకపోతే విడత ఆగటమూ నిజమే. అబద్ధం ఆ ఫైలు ఒక్కటే. మూడు నిజాల మధ్య పెట్టిన ఒక్క అబద్ధాన్ని పట్టుకోవటం ఎవరికైనా కష్టమే.

ఇంకో సంగతి. అది ఎవరో కొత్తోళ్ల నుంచి రాదు. మన బాబాయి నంబర్ నుంచో, పక్క చేను ఆయన నంబర్ నుంచో వస్తది. ఎట్లాగంటే, ఆ యాప్ ఎక్కించుకోగానే మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుద్ది. ఇచ్చామా, మన ఓటీపీలన్నీ దొంగ కాడికి పోతాయి. ఆ ఓటీపీతో వాడు మన వాట్సాప్‌ని వాడి ఫోన్‌లో తెరుస్తాడు. అక్కడి నుంచి మన పేరుతో, మన ఫొటోతో, మన గ్రూపులన్నిటికీ అదే ఫైలు పంపుతాడు. అందుకే ‘మా బావే పంపాడు కదా’ అనే మాట ఇక్కడ పనికిరాదు.

మిర్చి యార్డులో కొనేవాడు టిక్కీ పైన కాయ చూసి ధర చెప్తాడా? లోపలికి చెయ్యి పెట్టి, అడుగు కాయ బయటికి తీసి తాలు ఎంతుందో చూస్తాడు. మనం ముఖం తెలిసినోళ్లమైనా సరే చూస్తాడు. ఫోన్ కాడ మనమూ అట్లాగే ఉండాలి. పంపింది ఎవరని కాదు, వచ్చింది ఏందని చూడాలి. చివర ఏపీకే ఉంటే ఎవరు పంపినా ముట్టుకోవద్దు. ఏదన్నా యాప్ కావాలంటే ప్లే స్టోర్‌లోనే తీసుకోండి. ‘తెలియని యాప్‌లకు అనుమతి ఇవ్వాలా’ అని ఫోనే మనల్ని అడుగుద్ది. అక్కడ ఆగిపోతే గండం గడిచినట్టే.

నిజమైన ఈకేవైసీకి దారులు వేరే ఉన్నాయి. కామన్ సర్వీస్ సెంటర్‌లో వేలిముద్ర వెయ్యొచ్చు. పీఎం కిసాన్ వెబ్‌సైట్‌లో ఓటీపీతో, అసలు యాప్‌లో ముఖం చూపించి కూడా అవుద్ది. అనుమానం ఉంటే మీ రైతు సేవా కేంద్రంలో అడగండి, లేదా పీఎం కిసాన్ వాళ్ల నంబర్ 155261కి చెయ్యండి. ఇంకోటి, మనకి డబ్బులు రావటానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు. పిన్ కొట్టామంటే డబ్బులు పోతున్నట్టే.

మెయిల్ వాడే పిల్లలకు కూడా ఒక మాట. ‘కొత్త ఈ-పాన్ కార్డు డౌన్‌లోడ్ చేసుకోండి’ అని వచ్చే మెయిళ్లు దొంగవని కేంద్రం వారి పీఐబీ ఫ్యాక్ట్ చెక్ హెచ్చరించింది. పంపినోళ్ల పేరు ఏదైనా పెట్టుకోవచ్చు, అసలు అడ్రసుని చివర నుంచి చదవండి. కొత్తపాలెం అనే ఊళ్లు ఎన్ని లేవు? మండలం, జిల్లా చూస్తేనే కదా ఏ కొత్తపాలెమో తెలిసేది. ఇదీ అంతే. సర్కారు వెబ్‌సైట్ చివర ‘జీఓవీ డాట్ ఇన్’ ఉంటది. బ్యాంకుల వెబ్‌సైట్లు ‘బ్యాంక్ డాట్ ఇన్’లోకి మారాలని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరు 31 దాకా గడువు పెట్టింది. ‘జీఓవీ’ మధ్యలో ఉండి చివర ‘డాట్ కామ్’ ఉంటే అది సర్కారుది కాదు.

ఇంత చెప్పినా ఎవరో ఒకరు నొక్కేస్తారు. అప్పుడేం చెయ్యాలో గుర్తుపెట్టుకోండి. ముందు ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. వేరే ఫోన్ నుంచి 1930కి చెయ్యండి. ఆ వెంటనే బ్యాంకుకి చెప్పి ఖాతా, యూపీఐ ఆపించండి. మన డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి పరిగెత్తుతా ఉంటది. అది ఏదో ఒక ఖాతాలో ఉండగానే 1930కి చెప్తే ఆపే వీలుంది. ఏటీఎంలో తీసేసుకున్నాక కష్టం. రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన నిబంధనల్లో కూడా, మన అజాగ్రత్త వల్ల డబ్బు పోతే బ్యాంకుకి చెప్పేదాకా పోయింది మన నెత్తిన, చెప్పిన తర్వాత పోయింది బ్యాంకు నెత్తిన అని ఉంది. అంటే ప్రతి నిమిషానికీ లెక్కుంది.

ఆ నిమిషాలు మన దగ్గర ఎక్కడ పోతాయో తెలుసా? సిగ్గు కాడ. కాయ అమ్మిన డబ్బు, కౌలు కట్టాల్సిన డబ్బు పోయిందని ఇంట్లో చెప్తే తిడతారు, ఊళ్లో చెప్తే నవ్వుతారు అని ఆ మనిషి పొద్దుగూకేదాకా గమ్మున ఉంటాడు. దొంగకి కావాల్సింది కూడా అదే. కాబట్టి ఇందులో మన పని కూడా ఉంది. గ్రూపులో అట్లాంటి ఫైలు కనపడితే పంపినాయన్ని నలుగురిలో తిట్టకండి. ఆయనకి ఫోన్ చేసి చెప్పండి. వాట్సాప్‌లో మెసేజ్ పెడితే అది దొంగ చదువుతాడు. గ్రూప్ అడ్మిన్లు ఆ ఫైలుని అందరికీ కనపడకుండా తీసెయ్యొచ్చు, వెంటనే తీసెయ్యండి.

ఇంట్లో అమ్మకీ నాన్నకీ ఇది చదివి వినిపించండి. నవ్వకుండా చెప్పండి. రేపు ఏదన్నా జరిగితే వాళ్లు ముందు మనకే చెప్పాలి.