బహుమతిగా చదువు

చదరంగం భారతదేశంలో పుట్టిన ఆట అని చెప్పుకోవడం మనకు ఇష్టమైన విషయం. అయితే ఆ ఆటను ఆడినవారు ఏ ఆధారంతో బతికారన్న ప్రశ్న మనం అరుదుగా వేసుకుంటాం. రాజాశ్రయం ఉన్నంతకాలం కవికీ గాయకుడికీ లభించినట్లే ఆటగాడికీ అన్నవస్త్రాలు లభించాయి. ఆశ్రయం తొలగిన తర్వాత అతడి కథను ఎవరూ రాయలేదు.

చరిత్ర విద్యార్థిగా ఈ సందర్భంలో నాకు స్ఫురించే పేరు మీర్ సుల్తాన్ ఖాన్. పంజాబుకు చెందిన ఈయన సర్ ఉమర్ హయాత్ ఖాన్ ఆశ్రితుడిగా ఇంగ్లండు వెళ్లి 1929, 1932, 1933 సంవత్సరాల్లో బ్రిటిష్ విజేతగా నిలిచాడు. 1930-31 నాటి హేస్టింగ్స్ పోటీలో ప్రపంచ మాజీ విజేత కాపబ్లాంకాను ఓడించాడు. ప్రభువు స్వదేశానికి మరలడంతో ఆయన అంతర్జాతీయ క్రీడాజీవితం కూడా ముగిసింది. తరువాతి కాలమంతా సొంత ఊళ్లో వ్యవసాయంతో గడిపి 1966లో కన్నుమూశాడు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది 2024లో. ఆ జాప్యం కన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మరొకటి. ఆదరించినవాడు పక్కకు తప్పుకొన్న మరునాడు ఆటగాడి చేతిలో ఏం మిగులుతుంది?

ఈ ప్రశ్నకు అమెరికా విశ్వవిద్యాలయాలు కొన్ని తమదైన సమాధానం కనిపెట్టాయి. డాలస్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో 1996లో చదరంగ కార్యక్రమం ప్రారంభమయింది. దాన్ని నెలకొల్పిన టిమ్ రెడ్‌మన్ సాహిత్యాచార్యుడు, ఎజ్రా పౌండ్ మీద పరిశోధన చేసిన పండితుడు అన్నది సాహితీ ప్రియులకు ఆసక్తి కలిగించే విశేషం. ఆర్నాల్డ్ డెంకర్ పేరిట 1985 నుంచి అక్కడ ఒక పోటీ జరుగుతోంది. ప్రతి రాష్ట్రం నుంచీ హైస్కూలు విజేత ఒకరు దానికి వస్తారు. ఆ పోటీలో ప్రథముడికి నాలుగేళ్ల విద్యార్థి వేతనాన్ని ఈ విశ్వవిద్యాలయం బహుమతిగా ప్రకటిస్తూ వచ్చింది. బాల్టిమోర్ ప్రాంతపు మేరీలాండ్ విశ్వవిద్యాలయం, టెక్సస్ టెక్, వెబ్‌స్టర్ మొదలైనవి కూడా చదరంగ క్రీడాకారులకు విద్యార్థి వేతనాలిచ్చి చేర్చుకున్నాయి.

ఇది కేవల దాతృత్వం కాదు. ఫుట్‌బాల్ జట్టును పోషించాలంటే విశాలమైన మైదానం కావాలి, కోట్ల డాలర్లు కావాలి. చదరంగానికి నాలుగు బల్లలు, ఒక శిక్షకుడు, ప్రయాణపు ఖర్చు ఉంటే చాలు. దానికి ప్రతిఫలంగా చురుకైన విద్యార్థులు వస్తారు, సంస్థ పేరు పత్రికలకెక్కుతుంది. ఇచ్చేవారికీ పుచ్చుకొనేవారికీ లాభం ఉన్న ఏర్పాటు గనుకనే అది దశాబ్దాలుగా నిలబడింది.

మన దేశంలో దారి వేరు. ఇక్కడ ఆటకు ప్రతిఫలంగా లభించింది ప్రధానంగా ఉద్యోగం. చమురు సంస్థలు, రైల్వేలు, జీవిత బీమా సంస్థ క్రీడాకారులను సిబ్బందిగా తీసుకుని ఆదరించాయి. 2002లో పదిహేనేళ్ల వయస్సులో గ్రాండ్‌మాస్టర్ అయిన గుడివాడ బిడ్డ కోనేరు హంపి కూడా చమురు, సహజవాయు సంస్థ ఉద్యోగినే. కానీ ఆ మెట్టు చేరేవరకు భారమంతా ఇంటిమీదే పడుతుంది. హంపి తండ్రి అశోక్ అధ్యాపక ఉద్యోగం వదులుకుని కూతురికి శిక్షణ ఇచ్చారు. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టి 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ విజేత అయిన గుకేశ్ నాలుగో తరగతి తర్వాత బడికి క్రమంగా వెళ్లలేదు. ఆ త్యాగాలు ఫలించాయి కాబట్టి మనం వాటిని కొనియాడుతున్నాం. అదే పందెం ఒడ్డి ఓడిన ఇళ్లు ఎన్ని ఉన్నాయో ఏ దస్త్రంలోనూ కనబడదు.

నేను ఉద్యోగరీత్యా రాయపూర్‌లోని దేవేంద్ర నగర్‌లో నివసిస్తున్నాను. పండరీ బట్టల బజారుకు దగ్గరి పేట ఇది. విజయనగరం నుంచి రైలుమార్గం పడ్డాక ఉత్తరాంధ్రకూ ఈ ఊరికీ రాకపోకలు పెరిగాయి. తెలుగు మాట ఇక్కడ అపరిచితం కాదు. 2022 సెప్టెంబరులో ముఖ్యమంత్రి ట్రోఫీ పేరిట అంతర్జాతీయ గ్రాండ్‌మాస్టర్ల పోటీ ఈ నగరంలో జరిగిన తరువాత మా పేటలోనూ పిల్లలు చదరంగం పలకలు పట్టుకుని తిరగడం ఎక్కువయింది.

ఆ మరుసటి ఏడు ఒక బాలల పోటీలో బహుమతులు అందజేయమని నన్ను పిలిచారు. పదకొండో తరగతి చదివే తెలుగు కుర్రవాడొకడు ప్రథముడితో సమానంగా పాయింట్లు సాధించాడు. అటువంటప్పుడు ఎవరి ప్రత్యర్థులు ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నారో లెక్కవేసి స్థానం నిర్ణయిస్తారు. ఆ లెక్కలో అతడు రెండోవాడయినాడు. కప్పు, కవరు అందుకుని నమస్కరించాడు. తండ్రి రైల్వేలో చిన్న ఉద్యోగి, బొబ్బిలి వైపువారు. సభ ముగిశాక నా దగ్గరకు వచ్చి, “ఇంట్లో కప్పులు పెట్టడానికి చోటు చాలడం లేదు సార్. వీటిలో ఒక్కటి కాలేజీ ఫీజు కట్టేదయితే వీణ్ణి ఇంకో రెండేళ్లు ఆడనిచ్చేవాణ్ణి” అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు, లెక్క ఉంది. ఆ నెలలోనే కుర్రవాడు భిలాయిలో ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షల శిక్షణలో చేరాడు. ఆట మానేశాడు.

ఆయన లెక్కను తప్పుపట్టలేను. మద్రాసు ఐఐటి 2024లో క్రీడాకారులకు ప్రతి డిగ్రీ కోర్సులోనూ రెండేసి అదనపు సీట్లు కేటాయించింది. వాటిలో ఒకటి బాలికలకు. ఇది శుభారంభమే. కానీ ఉమ్మడి ప్రవేశ పరీక్షలో అర్హత తప్పనిసరి, జాతీయ స్థాయి పతకమూ ఉండాలి. పైగా సీటు వేరు, ఫీజు వేరు. సీటు తలుపు తెరుస్తుంది. లోపల నాలుగేళ్లు నిలబడడానికి కావలసింది విద్యార్థి వేతనం.

అయితే చదువును బహుమతిగా పెట్టడంలోనూ చిక్కులున్నాయి. పైన చెప్పిన పాయింట్ల లెక్క కప్పు విషయంలో న్యాయమే. తనకు సంబంధం లేని బల్లమీద మరెవరో ఓడినందువల్ల ఒక పిల్లవాడు నాలుగేళ్ల చదువు పోగొట్టుకోవడం మాత్రం న్యాయం కాదు. విజేత తొమ్మిదో తరగతిలో ఉంటే బహుమతి మూడు నాలుగేళ్లు వేచి ఉండాలి. ఒకే విశ్వవిద్యాలయానికి ముడిపెడితే ఇష్టంలేని కోర్సులో చేరవలసి రావచ్చు. బహుమతి విలువ పెరిగినకొద్దీ వయస్సు దాచే తల్లిదండ్రులూ పుట్టుకొస్తారు.

అందుకే ఒక్క పోటీ ఫలితం మీద కాక రెండు మూడేళ్ల ప్రతిభ మీద కొందరిని ఎంపిక చేయడం మేలు. బాలికల విభాగానికి సమాన సంఖ్య ఉండాలి. డబ్బు కుటుంబం చేతికి కాక నేరుగా విద్యాసంస్థకు చేరాలి. పన్నెండో తరగతి ముగిసేదాకా హక్కు మురిగిపోకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ వేతనం విద్యార్థి పరీక్షలు ఉత్తీర్ణుడవుతున్నంతకాలం కొనసాగాలి గాని, పోటీల్లో గెలుస్తున్నంతకాలం మాత్రమే కాకూడదు. గెలుపుకే కట్టిపెడితే అది పాత రాజాశ్రయమే అవుతుంది.

ఇటువంటి ప్రతిపాదన దస్త్రంగా కదిలితే ఆర్థిక శాఖ అడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు: ఇందువల్ల ఎందరు గ్రాండ్‌మాస్టర్లు తయారవుతారు? బహుశా ఒక్కరూ కాకపోవచ్చు. మన దేశంలో గ్రాండ్‌మాస్టర్ల సంఖ్య 2025 నాటికి 85 దాటింది. వారికి కొరత లేదు. ఈ ఖర్చు వారికోసం కాదు. పదహారేళ్ల వయస్సులో రెండో స్థానంలో ఆగిపోయిన పిల్లవాడు ఆటా చదువూ రెండింటిలో ఒకదాన్ని ఆ వయస్సులోనే వదులుకోకుండా ఉండడానికి. పట్టభద్రుడయ్యాక అతడు ఆడినా మానినా అది అతడి నిర్ణయం అవుతుంది.