భర్మార్ లెక్క

తుపాకీ అనగానే అందరికీ ట్రిగ్గర్ గుర్తొస్తుంది. భర్మార్ పట్టిన చేతికి మాత్రం ముందు కావాల్సింది ఇనుప కడ్డీ!

దాని పనంతా పేరులోనే ఉంది. ‘భర్’ అంటే నింపు, ‘మార్’ అంటే కొట్టు. అడవి పందుల నుంచి చేను కాపాడుకోవడానికి పల్లెల్లో వాడిన నాటు తుపాకీ అది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో నల్గొండ రైతులు గుత్పలు, వడిసెలలతో పాటు దీన్నీ పట్టారు.

దాన్ని నింపడం ఓ పెద్ద పని. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన మందును కొలిచి గొట్టంలో పోయాలి. పైన గుడ్డో పీచో కుక్కి కడ్డీతో దట్టించాలి. తర్వాత గుండు వేయాలి. అది జారిపోకుండా మళ్లీ పీచు పెట్టి దట్టించాలి. చివర్లో టోపీ పెడితేనే పేల్చడానికి సిద్ధం. ఎంత చేయి తిరిగినవాడికైనా దగ్గర దగ్గర అర నిమిషం!

అసలు కిటుకంతా గుండు కూర్చునే చోటులో ఉంది. అది మందును ఆనుకునే ఉండాలి. మధ్యలో ఆగిపోయి ఖాళీ మిగిలితే, పేలినప్పుడు గొట్టమే పగలొచ్చు. తొందరపడితే ముప్పు ఎదుటివాడికి కాదు, పట్టినవాడికే. గొట్టంలోకి తొంగిచూసే వీల్లేదు. అందుకే తెలిసినవాళ్లు కడ్డీ మీద గీత పెట్టుకుంటారు. గీత గొట్టం అంచుకు పైన నిలిచిందంటే గుండు ఇంకా దిగలేదన్నమాట.

రైఫిల్ తూటాకూ ఈ లెక్క తప్పదు. గుండును తూటాలో మరీ లోతుకు దించితే మందుకు చోటు తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. మరీ పైకి ఉంచితే గొట్టంలోని గాడులకు తగిలి అప్పుడూ ఒత్తిడి పెరుగుతుంది. సొంతంగా తూటాలు కట్టుకునే విదేశీ షూటర్లు ఈ లోతును అంగుళంలో వెయ్యో వంతు దాకా కొలుస్తారు. అయితే త్రీనాట్‌త్రీ పట్టిన పోలీసుకు ఆ బెంగ లేదు. ఫ్యాక్టరీయే కొలిచి బిగించి పంపేది. మ్యాగజైన్‌లో పది తూటాలు పట్టేవి. భర్మార్ పట్టిన రైతు మాత్రం ప్రతిసారీ తన చేత్తోనే కొలవాలి. ఎదురుగా తుపాకులు పేలుతున్నా సరే... చేయి వణకకూడదు!

ఆ తేడా ఎంతటిదో బైరాన్‌పల్లికి తెలుసు. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న ఆ ఊరు అప్పట్లో నల్గొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. ఊరి నడుమ బురుజెక్కి, భర్మార్లతో కాపలా కాసి, జనం రజాకార్లను ముందు తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు ఫిరంగులతో వచ్చాయి. ఒకసారి పేల్చి మళ్లీ నింపుకునే తుపాకీ ఫిరంగి ముందు ఎంతసేపు నిలుస్తుంది? దొరికిన మగవాళ్లను వరుసలో నిలబెట్టి కాల్చేశారు. ఆ ఒక్కరోజే వంద మంది దాకా నేలకొరిగారు. సరిగ్గా మూడు వారాలకు, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయాడు.

వాళ్లకు తెగువ తక్కువై కాదు. గురి కుదరకా కాదు. వాళ్లకు లేనిదల్లా గుండుకూ గుండుకూ మధ్య ఆ అర నిమిషమే.

బైరాన్‌పల్లి బురుజు ఇప్పటికీ ఉంది. చూడ్డానికి వెళ్లే పిల్లలకు తుపాకీ ఎలా పేలేదో చెప్పేవాళ్లు, దాని నింపుడు సంగతి కూడా చెప్పాలి. దానికెంత సేపు పట్టేదో తెలిస్తేనే, ఆ బురుజెక్కినవాళ్ల గుండె ఎంతటిదో తెలుస్తుంది.