మిగిలిన ఆరుగురితో

మన సంఘాలలో నలుగురు తల్లిదండ్రులు కలిస్తే చాలు, పిల్లల ఫోన్‌ల గూర్చిన మాట రాక తప్పదు. "అన్నం తినేటప్పుడు కూడా అదే పట్టుకొని ఉంటాడయ్యా" అని తల్లులు వాపోతుంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే ఆదోని పక్క పల్లెలో తొమ్మిదో తరగతి చదివే మా మనుమడు ఫోన్‌లో ఆడే ఒక ఆటను గూర్చి చదువరులకు కొంచెం వివరంగా చెప్పాలనిపించింది. ఆదోని, ఎమ్మిగనూరు మధ్య పల్లెల్లో చాలాకాలం వ్యాయామ ఉపాధ్యాయుడిగా పని చేసినవాణ్ణి గనుక ఆ ఆట నాకు కొత్తగానూ తోచింది, పాతగానూ తోచింది.

దాని పేరు బజర్‌బీటర్. 2007 నుండి ఉన్న బాస్కెట్‌బాల్ ఆట. ఇందులో బంతిని మనం ముట్టుకోము. మనం కోచ్‌లం మాత్రమే. ఎవరు ఎక్కడ ఆడాలో, ఎదుటివారిని ఎలా అడ్డుకోవాలో మ్యాచ్‌కు ముందుగానే నిర్ణయించి పెట్టాలి. మొదలయ్యాక చూస్తూ కూర్చోవడమే. ఒక్కొక్క ఆటగాడికి బయట అడ్డుకొనే నేర్పు ఎంత, బుట్ట దగ్గర అడ్డుకొనే నేర్పు ఎంత, దమ్ము ఎంత అని విడివిడిగా చూపిస్తుంది.

"తాతా, రేపటికి జోన్ పెట్టేదా, మ్యాన్ టు మ్యాన్ పెట్టేదా?" అని వాడు అడుగుతుంటాడు.

ఈ రెండు మాటలు మన రైతులకు సులభంగానే అర్థమవుతాయి. వేరుశనగ చేనిమీద అడవిపందులు పడ్డాయనుకోండి. ఒక్కొక్క పంది వెంట ఒక్కొక్క మనిషి పరుగెత్తితే అది మ్యాన్ టు మ్యాన్. ఎవరి గట్టు వారు పట్టుకొని, తన వైపు వచ్చినదాన్ని తాను తరిమితే అది జోన్. జోన్‌లోనూ రకాలున్నాయి. ముందు ఇద్దరు, బుట్ట దగ్గర ముగ్గురు నిలిస్తే 2-3. బుట్ట కింద గట్టిగా ఉంటుంది గాని, 6.75 మీటర్ల గీత అవతలి నుండి గురి చూసి వేసేవాడు ఎదుటి జట్టులో ఉంటే మూడేసి పాయింట్లు పట్టుకుపోతాడు. 3-2 పెడితే బయట బందోబస్తు, లోపల పలుచన. ఎదుటివారిలో ఒక్కడే మొనగాడైతే వాడిని ఒకడు నీడలా అంటిపెట్టుకొని, తక్కిన నలుగురూ చతురస్రంగా నిలిచే పద్ధతి కూడా ఉంది. ఏదీ ఉచితంగా రాదు. ఒక తలుపు మూస్తే ఇంకొకటి తెరవాల్సిందే.

ఈ ఆట పుట్టింది కూడా మన బోటి విశ్వాసుల మధ్యనే. 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో, వేదాంతం చదివిన జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు చలికాలంలో కుర్రవాళ్ళు ఇంటిలోపల ఆడుకోవడానికి దీనిని కల్పించాడు. పీచు పండ్ల బుట్టలు రెండు, నియమాలు 13, జట్టుకు తొమ్మిది మంది. బంతి పట్టుకొని పరుగెత్తకూడదు, ఎదుటివాణ్ణి తోయకూడదు, పట్టుకోకూడదు అన్నాడు. తోయడానికి వీల్లేదు గనుక అడ్డుకొనేవాడు చేతులకన్న కాళ్ళను, నిలబడే చోటును నమ్ముకోవాల్సి వచ్చింది. ఆయన 1916లో ప్రెస్బిటేరియన్ సంఘంలో అభిషేకం పొందాడు. మన వైపున 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా పాఠశాలను ప్రారంభించాడు.

అమెరికా వారి పెద్ద లీగ్‌లో 2001 వరకు జోన్ పద్ధతిని నిషేధించి ఉంచారు. మన పల్లె బడుల్లో ఆ నిషేధం లేకపోవడం మంచిదైంది. ఉండి ఉంటే జనవరి నెలలో మేము జట్టును దించగలిగేవాళ్ళమే కాదు.

ఎందుకో మన ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. సుగ్గి. వానమీద ఆధారపడిన నేల. క్రిస్మస్ ఆరాధన ముగిసీ ముగియకముందే మూటలు కట్టుకొని గుంటూరు మిరప కోతలకు, బెంగుళూరు కట్టడం పనులకు కుటుంబాలకు కుటుంబాలే బయలుదేరుతాయి. మందిరంలో సగం చాపలు ఖాళీ. బడిలోనూ అంతే. డిసెంబరులో పదిమంది ఉన్న జట్టు గణతంత్ర దినం పోటీలనాటికి ఆరుగురవుతుంది. ఆరుగురితో నలభై నిమిషాలు మ్యాన్ టు మ్యాన్ ఆడించారంటే మూడో భాగానికే కాళ్ళు పడిపోతాయి. అలసినవాడు చేయి వేస్తాడు, ఐదు ఫౌళ్ళు అయితే బయటికి పోవాలి. అందుచేత జోన్ మాకు దమ్మును దాచిపెట్టే పద్ధతి. దాని నష్టం రీబౌండ్ దగ్గర తెలుస్తుంది. బుట్టకు తగిలి వెనక్కు వచ్చిన బంతి కోసం ఎవరు ఎవరిని ఆపాలో జోన్‌లో ముందే కేటాయింపు ఉండదు. కనుక షాట్ పడగానే బంతిని చూడవద్దు, ముందు దగ్గరున్నవాణ్ణి నీ వీపుకు పెట్టుకో, తరువాత బంతి చూడు అని పిల్లలకు గొంతు పోయేలా చెప్పేవాణ్ణి.

ఈ సంవత్సరం మా మనుమడి జట్టులో పోయినవాడు వాడి ప్రాణస్నేహితుడు. అందరికన్న పొడవు. 2-3లో నడుమ నిలిచేది వాడే. పిల్లల బడి ఆగకుండా సీజనల్ హాస్టళ్ళు తెరుస్తుంటారు గాని, ఆ ఇంట్లో చంటిపిల్ల ఉంది. తల్లిదండ్రులు మిరప చేలో దిగితే దానిని ఎత్తుకోవడానికి ఒకరు కావాలి. తప్పు ఎవరిదని అంటాము?

మా వాడు రెండు రోజులు మైదానానికి పోలేదు. అడిగితే, "నేను బడి టీములో ఆడను తాతా. ఫోన్లో ఉండేటోళ్ళు సుగ్గికి పోరు కదా" అన్నాడు.

పద్నాలుగేళ్ళ పిల్లవాడికి ఆ మాటకు ఏమి జవాబు చెప్పగలను? కాసేపు ఊరకున్నాను. తరువాత, "ఆ ఫోన్‌లో రాసినట్టే ఈ ఆరుగురికీ రాయి చూద్దాం. ఎవడికి ఎంత దమ్ము, ఎవడు బయట గట్టి, ఎవడు లోపల గట్టి" అన్నాను. నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకుంటూ కూర్చున్నాడు. నడుమ నిలబడే ఎత్తు ఒక్కరికీ లేదని తేలింది. 3-2 వేశాడు, కొట్టేశాడు. మ్యాన్ టు మ్యాన్ వేసి, ఫౌళ్ళు లెక్క పెట్టుకొని అదీ కొట్టేశాడు.

చివరికి వాడు తెచ్చిన ఏర్పాటు ఆ ఫోన్ ఆటలో లేనే లేదు. 2-3నే ఉంచాడు. కాని నడుమనున్నవాడు ఎదుటి పొడగరికి వెనక గాక ముందు నిలబడాలి, అసలు బంతే వాడికి చేరకూడదు. తలమీదుగా విసిరితే మూలనున్నవాడు పరుగున వచ్చి వెనక కాయాలి. ఆరోవాణ్ణి ఎవరో అలసిపోయేదాక ఆపకుండా ఐదేసి నిమిషాలకు మార్చాలి. నేను మూలవాడి పరుగు ఒక్కటి సరిదిద్దాను, అంతే.

ఆ రాత్రి గుంటూరు వైపు నుండి, తండ్రి ఫోన్‌లో, ఆ స్నేహితుడు పలికాడు. చంటిపిల్ల ఏడుపు వినబడుతూనే ఉంది.

"నా తావులో ఎవడు నిలబడతాడ్రా?"

"నేనే. నీ మాదిరి వెనక కాదు, ముందర."

అవతల కొంచెంసేపు మాట లేదు. తరువాత, "వాళ్ళ పొడుగోడు ఎప్పుడూ ఎడమపక్కకే తిరుగుతాడు, చూసుకో" అన్నాడు.

మా వాడు పెన్ను వెదుక్కొని, ఆరుగురి పేర్ల కింద అది కూడా రాసుకున్నాడు.