కొత్త డబ్బాలో పాత డిస్కు

ఆదోని పత్తి మండీలో లెక్కలు రాసే పెద్దాయన ఒకరు మొన్న కొత్త కంప్యూటర్ కొన్నారు. పాతదాని హార్డ్ డిస్కు ఊడదీసి ఇందులో బిగిస్తే చాలనుకున్నారు. బిగించడానికి తావే లేదు!

ఆ డిస్కు వెనక 40 సూదుల వెడల్పాటి సాకెట్. ఐడీఈ అనే పాత కనెక్షన్ కాలం సరుకు. 2003లో దాని స్థానంలోకి సాటా ప్రమాణం వచ్చింది. 2006 నాటికి ఇంటెల్ తన కొత్త డెస్క్‌టాప్ చిప్‌సెట్లలోంచి ఐడీఈని తీసేసింది.

పెద్దాయన డిస్కు పట్టుకుని బస్సెక్కి ఎమ్మిగనూరులో మేనల్లుడి దగ్గరికి వెళ్లారు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. పడుగూ పేకా ఎరిగినవాళ్లకు ఐడీఈ డిస్కుల 80 తీగల రిబ్బన్ కేబుల్ ఒక లెక్కా?

యూఎస్‌బీ అడాప్టర్ తగిలిస్తే డిస్కు తిరిగింది గానీ తెరమీద జాడలేదు. "మామా, ఇది స్లేవ్‌గా ఉంది" అని అల్లుడు వెనకున్న బుల్లి జంపర్‌ను మాస్టర్ వైపు మార్చాడు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనిపించింది, డ్రైవ్ అక్షరం మాత్రం లేదు. అక్షరం ఇస్తే సరిపోయింది. ఇలాంటప్పుడు ఫార్మాట్ చేయమంటావా, ఇనిషియలైజ్ చేయమంటావా అని కంప్యూటర్ ఎంత మర్యాదగా అడిగినా ఒప్పుకోకూడదు. టక్ టక్ చప్పుడొస్తే వెంటనే కరెంటు తీసేయాలి.

సాటా డిస్కులకూ తిప్పలున్నాయి. కొన్ని బోర్డుల్లో ఎం.2 ఎస్‌ఎస్‌డీ పెట్టగానే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. కేబుల్ పక్క పోర్టుకు మారిస్తే డిస్కు ప్రత్యక్షం.

పెద్దాయన ముందుగా తెరిచింది పత్తి లెక్కలు కాదు, కూతురి పెళ్లి ఫోటోలు.